నల్ల తెర మీద ఏడు వరుసలు

బస్సు డిపో, మూడో కౌంటర్
మార్చి 4

తమ్ముడికి,

ఆశీస్సులు చివర్లో, ముందు తిట్లు. పన్నెండున్నర బండి వెళ్లిపోయాక కౌంటర్లో నాకు నలభై నిమిషాలు దొరుకుతాయి. ఇవాళ ఆ నలభై నిమిషాలూ నీకే.

మీ బావ ఆసుపత్రి నుంచి వచ్చి ఐదు నెలలవుతోంది, పొద్దుపోక గోడలు చూస్తూ కూర్చుంటున్నారు, చేత్తో పట్టుకుని ఆడుకునే పాతకాలం ఆటల యంత్రం ఒకటి పంపరా అని అడిగాను. కన్నూ చెయ్యీ కలిసి పనిచేసేది ఏదైనా మంచిదేనని డాక్టరు కూడా అన్నాడు. నువ్వు పంపావు. బుద్ధి తక్కువై నేనే ఆన్ చేసి ఆయన చేతికిచ్చాను.

ముందు ఒక పాట మొదలైంది. అది ఆపే బటన్ ఎక్కడుందో తెలీదు. తెర మీద కదిలే బొమ్మలు, వాటి వెనక ఇంకేవో బొమ్మలు, మూలన గడియారం, పైన గుర్తులు, కింద గిర్రున తిరిగే అక్షరాలు. నాలుగు వేల ఆటలట. సెలవుల ముందు రోజు మా డిపోలో కూడా ఇంత గోల ఉండదు. మీ బావ ఒక్క నిమిషం చూశారు. తర్వాత యంత్రాన్ని మంచం మీద బోర్లా పెట్టి అటు తిరిగి పడుకున్నారు. జబ్బు చేసి లేచిన మనిషికి ఇచ్చేది ఇదా? నువ్వు నడిపేది రిపేరు షాపా, సర్కస్సా?

చిన్నప్పుడు ఆయన ఆడినవి నాలుగైదు ఉంచి మిగతా చెత్తంతా ఊడ్చి పారెయ్. మెమరీ కార్డు తీసి ఈ కవర్లోనే పెట్టాను. ఫోన్ మాత్రం చెయ్యకు. ఉన్నవి రెండు గదులు, ఏ గదిలో గుసగుసలాడినా రెండో గదిలో వినబడుతుంది. ఆయన గురించి ఆయన వింటుండగా మాట్లాడటం నాకు చేతకాదు.

అక్క


రిపేరు షాపు, వెనక గది
మార్చి 11

అక్కా,

తిట్లు భద్రంగా అందాయి. ఆశీస్సులు మాత్రం కవర్లో ఎంత వెతికినా కనబడలేదు.

ఆ గోల నేను పెట్టింది కాదే. తయారుచేసినవాళ్లు అలాగే పంపుతారు. నాకూ వాళ్లంటే ఒళ్లు మంట. ఆన్ చేయగానే ఎదురొచ్చే తెరని మేం లాంచర్ అంటాం, అంటే ఇంటికి గుమ్మం లాంటిది. గుమ్మం పని లోపలికి పోనివ్వడం. వీళ్లు గుమ్మంలోనే దుకాణం తెరిచి మనిషిని కదలనివ్వరు.

దాన్ని పూర్తిగా పీకేశాను. బదులుగా ఒక బుల్లి లాంచర్ పెట్టాను. నల్ల తెర, తెల్ల అక్షరాలు, ఏడు వరుసలు, ఏడు ఆటలు. అంతే. పైకీ కిందికీ జరగడానికి ఒక బటన్, ఆట తెరవడానికి ఒక బటన్. ఆపితే ఆట ఎక్కడిదక్కడ నిలబడుతుంది, మళ్లీ ఆన్ చేస్తే అక్కడినుంచే సాగుతుంది. పాట లేదు, గడియారం లేదు. ఏదైనా మార్చుకునే పేజీ కూడా లేదు, ఉంటే నువ్వు ఏదో ఒకటి నొక్కి నా ప్రాణం తీస్తావు. ఇంత 'ఏమీ లేకుండా' చేయడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. తీసేయడమే కదా, ఎంతసేపు అనుకుంటారు జనం.

ఆటల పేర్లు ఇంగ్లీషులో ఉంటే అవి కూడా మార్చి మన అక్షరాల్లో పెట్టాను. బజారంతా బ్రష్షు మాస్టారని పిలిచే మనిషికి పరాయి రాతలెందుకు? బోర్డు మీద ఎంత తక్కువ రాస్తే అంత దూరం నుంచి కనబడుతుందని బావే కదా నాకు చెప్పింది. ఆ మాట పట్టుకునే ఈ తెర తయారైందని ఆయనతో చెప్పు.

తమ్ముడు


బస్సు డిపో, మూడో కౌంటర్
మార్చి 19

తమ్ముడికి,

నీ ఏడు వరుసలూ వచ్చాయి. అక్షరాలే రాలేదు. తెర నిండా ఖాళీ డబ్బాలు వరుసగా నిలబడి ఉన్నాయి. ఒక వరుసలో నాలుగు, ఇంకో వరుసలో తొమ్మిది. రెండు రాత్రులు కూర్చుని నువ్వు చేసిన ఘనకార్యం ఇది. పంపే ముందు ఒక్కసారి వెలిగించి చూసుకునే తీరిక కూడా లేదా నీకు?

నేను తల బాదుకుంటుంటే మీ బావ నవ్వారు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదటిసారి. "నీక్కూడా ఇలాగే కనబడుతున్నాయా?" అన్నారు. నేను యంత్రం ఆపి పక్కన పెట్టాను.

అక్షరాలు వద్దు. ఒక్కో ఆటకి ఒక్కో బొమ్మ పెట్టు. పాముకి పాము, కారుకి కారు. ఎందుకు, ఏమిటి అని అడగకు. అక్కని చెప్తున్నాను, పెట్టు. కార్డు మళ్లీ పంపుతున్నాను.

అక్క


రిపేరు షాపు, వెనక గది
మార్చి 27

అక్కా,

డబ్బాల తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. ఆ లాంచర్ రాసిన మహానుభావుడు ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఈ భూమ్మీద ఇంకేవీ లేవనుకున్నాడు. తెలీని అక్షరం వస్తే ఖాళీ డబ్బా గీసి చేతులు దులుపుకోమని దానికి నేర్పాడు. మనం రాసుకున్నది వాడికి కనబడదు కాబట్టి మనం ఏమీ రాయనట్టే. మన అక్షరాలు ఎక్కించాను. ఈసారి నా దగ్గరున్న ఇంకో యంత్రంలో పెట్టి చూశాను కూడా. ఏడు పేర్లూ వచ్చాయి.

బొమ్మలు మాత్రం పెట్టను. నేనేదో మొండికేస్తున్నానని అనుకోకు. ఒక్క బొమ్మ పెడితే దానికి చట్రం కావాలి, చట్రానికి రంగు కావాలి, పది రోజుల్లో మళ్లీ అదే సర్కస్. అదొక్కటే కాదు. ఊళ్లో సగం షాపులకి పేర్లు రాసిన మనిషి బావ. నాకు కుంచె పట్టడం నేర్పినప్పుడు 'అ' గుండ్రంగా రాలేదని నా చేత మూడు రోజులు అదొక్కటే రాయించారు. అలాంటి మనిషి ముందు పాముకి పాము బొమ్మ, కారుకి కారు బొమ్మ పెట్టమంటావా, పలక పట్టుకున్న పసివాడి ముందు పెట్టినట్టు? జబ్బు చేసింది ఒంటికి. చదువుకి కాదు. నువ్వు ఆయన్ని మరీ చంటిపిల్లాణ్ణి చేస్తున్నావు. ఆయన పైకి అనకపోయినా నాకు బాధగా ఉంది.

తమ్ముడు


బస్సు డిపో, మూడో కౌంటర్
మే 2

తమ్ముడికి,

నెల రోజులు రాయలేదు. రాస్తే ఏం రాస్తానో అని భయపడి రాయలేదు. నిన్న జరిగింది చూశాక భయం పోయింది, మంట మిగిలింది.

చదువుకి కాదు అని ఎంత తేలిగ్గా రాశావురా. చదువుకేరా. మీ బావ చదవలేరు. ఆసుపత్రిలో కళ్లు తెరిచిన రోజు నుంచీ చదవలేరు. కళ్లు బాగానే ఉన్నాయి, కుడిపక్క కాస్త మసక, అంతే. నన్ను గుర్తుపడతారు, సూదిలో దారం ఎక్కిస్తారు. అక్షరం చూస్తే మాత్రం అది అక్షరమని తెలుస్తుంది గానీ ఏ అక్షరమో తెలియదు. విడ్డూరం ఏమిటంటే రాయగలరు. నువ్వు ఒక మాట చెప్పు, ఎప్పటిలాగే చెక్కినట్టు రాస్తారు. రాసి చెయ్యి తీశాక, ఆ రాసిందేమిటని అడిగితే చూస్తూ నిలబడతారు. రాసే దారి, చదివే దారి మెదడులో వేరువేరు, ఒకటి తెగింది అని డాక్టరు చెప్పాడు. వినడానికి ఎంత సులువుగా ఉందో చూడు.

ఎవరికీ చెప్పొద్దని నా చేత మాట తీసుకున్నారు. చదవలేని వాడికి బోర్డు ఎవడిస్తాడు? అందుకని బేరాలకి నేనే వెళ్తున్నాను. వాళ్లు రాసిచ్చిన కాగితం ఇంటికి తెచ్చి చదివి వినిపిస్తాను, ఆయన గుర్తుపెట్టుకుని వెళ్లి రాస్తారు. ఆరు బోర్డులు అలాగే గడిచాయి.

ఏడోది పళ్ల డాక్టరుది. నీకు తెలుసుగా ఆయన పద్ధతి. ముందు అక్షరాలన్నీ రాసేసి, సున్నాలకి వేరే కుంచె తీసి చివర్లో అన్నీ ఒకేసారి పెడతారు. ఇదివరకు కిందికి దిగి, ఒకసారి చదువుకుని, ఎక్కడెక్కడ పెట్టాలో చూసుకునేవారు. ఇప్పుడు దేన్ని చూసుకుంటారు? 'దంత వైద్యశాల'లో సున్నా ఎగిరిపోయింది. 'దత వైద్యశాల' అని అంత ఎత్తున నిలబడింది. ఆ డాక్టరు నిన్న డిపోకి వచ్చాడు. నా కౌంటర్ ముందు పదిమంది వరుసలో ఉండగా, "మాస్టారు పన్నుతోపాటు సున్నా కూడా పీకేశారమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. కాగితం నేనే తప్పు చదివి చెప్పానండీ, తప్పు నాది అన్నాను. ఇరవై రెండేళ్లుగా ఒక్క టికెట్ తప్పు కొట్టని దాన్ని.

ఇంతకుముందు ఒకటో తరగతి వాచకం తెచ్చి పెడితే కిటికీలోంచి విసిరేశారు. ఇప్పుడు నీ నల్ల తెర ముందు పెట్టుకుని పొద్దంతా కూర్చుంటున్నారు. ఆడుతున్నారని సంతోషపడాలా? గాజు నిండా వేలి జిడ్డు. నొక్కాల్సినవి బటన్లయితే ఆ తెర మీద ఎందుకు గీకుతున్నారో, ఏది ఎక్కడుందో తెలియక ఎంత అల్లాడుతున్నారో. రోజూ సాయంత్రం అది తుడుస్తూ నిన్ను తిట్టుకుంటున్నాను. బొమ్మలు పెట్టమన్నది ఇందుకు. ఇప్పుడు పెడతావా?

అక్క


రిపేరు షాపు, వెనక గది
మే 9

అక్కా,

పాపం బావ. నీ ఉత్తరం చదివాక రెండు రోజులు షాపు తెరవలేదు.

నీ మీద కోపంగా ఉంది, ముందు అది చెప్పనీ. ఏడు నెలలు దాచావు. నేనెవర్ని, బయటివాణ్ణా? ఆయన మాట తీసుకున్నారు సరే, నాకు తెలిస్తే నేను ఆ ఉత్తరం రాసి ఉండేవాణ్ణా? అక్షరాలు రాసి బతికే మనిషి అంటూ గొప్పగా నీతులు చెప్పాను. నువ్వు నన్ను నోరు జారనిచ్చి, ఆ తర్వాత నిజం చెప్పావు. ఎవరి మీద అరవాలో తెలియక నిన్న ఒక బేరగాడి మీద అరిచాను. అతను చార్జర్ మార్చమని వచ్చిన పాపానికి.

కొత్త కార్డు పంపుతున్నాను. ఆ లాంచర్‌ని విప్పి మళ్లీ కుట్టాను. ఏడు బొమ్మలు, తెరకి ఒక్కొక్కటే, పెద్దగా. పేర్లు తీసేశాను. బ్యాటరీ తక్కువైతే కూడా మాటలు రాకుండా ఎర్రచుక్క మాత్రం వచ్చేలా చేశాను. ఆ యంత్రంలో ఇప్పుడు ఒక్క అక్షరం కూడా లేదు. ఇక ఆయన్ని ఏదీ వెక్కిరించదు.

ఆయనకి చెప్పకుండా మార్చెయ్. అడిగితే నేనే కొత్తది పంపానని చెప్పు. పాత కార్డు నాకు పంపెయ్, ఇంట్లో ఉంచకు.

తమ్ముడు


బస్సు డిపో, మూడో కౌంటర్
మే 21

తమ్ముడికి,

ఆయన స్నానానికి వెళ్లినప్పుడు కార్డు మార్చాను. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి, ఆ పిల్లి బొమ్మ చూసి నాకే ఆడాలనిపించింది. పాతది ఇందులో పెట్టాను.

కానీ ఏం లాభం? ఆయన వచ్చి ఆన్ చేశారు. ఒక బొమ్మ, ఇంకో బొమ్మ, ఏడూ తిప్పారు. మళ్లీ మొదటినుంచీ తిప్పారు. "ఎవరు చేశారిది?" అన్నారు. తమ్ముడు కొత్తది పంపాడండీ, మీకు తేలిగ్గా ఉంటుందని అన్నాను. యంత్రాన్ని తీసుకెళ్లి కుంచెల డబ్బాలో పడేశారు. తొమ్మిది రోజులైంది, నాతో మాట లేదు. ఏం కావాలన్నా చెయ్యి చూపిస్తున్నారు. నేను డిపో నుంచి వచ్చేసరికి బల్ల దగ్గర కూర్చుని ఉంటారు, నన్ను చూడగానే లేచి వెళ్లిపోతారు.

ఇంత చాకిరీ చేసి, ఇన్ని అబద్ధాలాడి, పదిమందిలో తలవంచుకుని, చివరికి నాకు దక్కింది ఇది. నువ్వూ నేనూ కలిసి ఏం తప్పు చేశామో నాకు అర్థం కావడం లేదు. అర్థమైతే రాయి.

అక్క


ఇల్లు, వీధి వైపు గది
మే 30

బావమరిదికి,

చేతిరాత చూసి గుర్తుపట్టే ఉంటావు. ఇది నేను రాస్తున్న ఉత్తరం. రాయడం నాకు ఎప్పుడూ పోలేదు. ఒక వరుస రాశాక దాన్ని చదవాలంటే మాత్రం చాలాసేపు పడుతుంది కాబట్టి వెనక్కి చూడకుండా రాసుకుపోతున్నాను. తప్పులుంటే సర్దుకో. ఉండవు.

కందకు లేని దురద కత్తిపీటకెందుకని పెద్దలు ఊరికే అనలేదు. నాకు ఏం కావాలో మీ అక్క నీకు రాసింది, నువ్వు మీ అక్కకి రాశావు. రెండున్నర నెలలు రాసుకున్నారు. రెండు గదుల ఇంట్లో ఆరడుగుల మనిషిని ఉన్నాను, నన్ను ఒక్కరూ అడగలేదు.

నువ్వు మూడోసారి పంపిన తెర, ఆ నల్లది, తెల్ల అక్షరాలది, దానితో నేను ఆటలాడాననుకున్నారా? చదువుకున్నాను. చూస్తే తెలియని అక్షరం మీద వేలు పెట్టి దిద్దితే చెయ్యి చెబుతుంది అది ఏమిటో. నా కళ్లు మర్చిపోయాయి గానీ నా చెయ్యి మర్చిపోలేదు. వీధిలో బోర్డుల మీద దిద్దలేను, నిచ్చెన కావాలి. పుస్తకంలో అక్షరాలు చీమల్లా ఒకదాని మీద ఒకటి పడతాయి. నీ తెర మీద ఏడు వరుసలే, పక్కన ఇంకేమీ లేదు, అవి కదలవు. వేలితో దిద్ది, ఇది పాము అనుకుని బటన్ నొక్కుతాను. పాము వస్తే నేను చదివింది ఒప్పు. కారు వస్తే తప్పు. తప్పు చదివితే ఆ యంత్రం నవ్వదు, జాలిపడదు, ఇంకో ఆట తెరుస్తుంది, అంతే. కిటికీలోంచి ఎవరైనా చూసినా మాస్టారు ఆడుకుంటున్నాడనుకుంటారు. ఒకటో తరగతి వాచకం ఎందుకు విసిరానో ఇప్పటికైనా మీ అక్కకి తెలుస్తుందేమో. ఆ జిడ్డు తుడిచే ముందు ఒక్కసారి అడిగి ఉంటే అప్పుడే చెప్పేవాణ్ణి.

ఏడింటిలో ఐదు చదివాను. ఆరోది సగంలో ఉండగా మీరిద్దరూ కలిసి దయతో తీసేశారు.

ఇంకో సంగతి. నీ యంత్రానికి ఒత్తు పెట్టడం రాదు. మూడో వరుసలో పిల్లి ఉంది కదా, దానికి లకారం ఒత్తు కింద ఉండాలా వద్దా? నీ తెర మీద మొదటి లకారం నెత్తిన పొల్లు పెట్టి, రెండోదాన్ని తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టావు. పిల్, లి. నేను దిద్దుతాను, 'పిల్' వస్తుంది, ఆ తర్వాత 'లి' వస్తుంది, అలాంటి మాట ఎక్కడా లేదు. మూడు రోజులు నా బుర్రే చెడిందనుకున్నాను. నాలుగో రోజు విసుగొచ్చి నొక్కితే పిల్లి దూకింది. చెడింది నీ అచ్చు. పరీక్షించి పంపానన్నావు. చదవడం వచ్చినవాడివి, మీ అక్కా చదవడం వచ్చినదే, మీ ఇద్దరికీ అది కనబడలేదు. మీరు చదివేసి దాటిపోయారు. ఏడు పేర్లూ వచ్చాయని రాస్తే సరిపోతుందా? 'అ' గుండ్రంగా రాలేదని నీ చేత మూడు రోజులు రాయించింది ఇందుకేనా?

నీ ఉత్తరాల సంగతి నాకెలా తెలుసంటావేమో. మీ అక్క వాటిని దాచదు. చదవలేని వాడి ముందు దాపరికం ఎందుకని బల్ల మీదే వదిలేస్తుంది. యంత్రం లేకుండా పోయాక నాకు దిద్దుకోడానికి ఇంకేం దొరికింది? తను డిపోకి వెళ్లాక వాటినే ఒక్కొక్కటిగా ముందు పెట్టుకున్నాను. పైన ఉన్నది చివరిది. నాలుగు రోజులు పట్టింది మొదటి పేజీకి. ఏడు నెలల తర్వాత నేను నా అంతట చదివిన మొదటి కాగితం అది. అందులో 'అక్కా' అన్న పిలుపు దాటాక మొదటి మాట 'పాపం'. రెండో మాట నేను. వేలు తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ దిద్దాను, తప్పు చదివానేమోనని. అదే వచ్చింది. నేను మంచాన పడ్డప్పుడు కూడా నాకు అంత కోపం రాలేదు.

మీ అక్క తప్పు తన మీద వేసుకున్న సంగతి బజారులో విని, నిన్న పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. నిచ్చెన వేసుకుని సున్నా పెట్టాను. దిగి, మా ఆవిడ సరిగానే చదివింది, తప్పు నాది, నాకు చదవడం పోయింది, మళ్లీ నేర్చుకుంటున్నాను అన్నాను. అతను నవ్వలేదు. లోపలి గదికి ఇంకో బోర్డు కావాలన్నాడు. రాశాక ఆరనిచ్చి వేలు పెట్టి చూసుకుంటాను, ఒక రోజు ఆలస్యమవుతుంది అన్నాను. సరేనన్నాడు. మీ అక్క ఇక కౌంటర్లో ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. ఆ సంగతి ఇవాళ సాయంత్రం నేనే తనతో చెబుతాను.

పాత కార్డు తిరిగి పంపు. ఒత్తులు సరిచేసి పంపు. ఏడు వరుసలు పది చెయ్యి, కొత్తవి ఏం పెట్టావో నాకు గానీ మీ అక్కకి గానీ ముందుగా చెప్పకు.

జవాబు నాకు రాయి. కవరు మీద నన్నే ఉద్దేశించి రాయి. ఒక్క పేజీ చాలు, అక్షరాలు విడివిడిగా. వారం పట్టినా నేనే చదువుకుంటాను.

బావ